బొమ్మల్లేని ఆట

గుడి నుంచి దక్షిణానికి దిగితే గుడి ముందరి మైదానం. ఇంకోసారి దక్షిణానికి పోతే అంగడి కూడలి. అక్కణ్నుంచి పడమటికి తిరిగితే ఊరి పెద్ద బాట. ఆ బాటకు ఉత్తరం పక్కన రొట్టెల దుకాణం, దక్షిణం పక్కన కవచాలమ్మే దుకాణం. ఈ ఊరి పేరు మిడ్‌గార్డ్. భూమి మీద ఎక్కడా లేదు. 1990లో డెన్మార్క్ దేశంలోని కోపెన్‌హాగన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న ఐదుగురు విద్యార్థులు దీన్ని ఉత్త మాటలతో కట్టారు. ఆ తర్వాత ఎన్నో దేశాల్లో ఎందరో దాన్ని నకలు తీసుకొని తమ కంప్యూటర్లలో పెట్టుకున్నారు. చాలాచోట్ల గుడి దాని చోటే ఉంది, రొట్టెల దుకాణం దాని చోటే ఉంది. సిరిసిల్లలో మా గల్లీ తర్వాత నాకు చేతికర్ర అవసరం లేకుండా తిరగొచ్చిన ఊరు అదే.

నేను పుట్టుకతోనే చూపు లేనివాణ్ని. నాయిన సిరిసిల్లలో ఒక ఆసామి దగ్గర సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు, అవ్వ ఇంట్లో బీడీలు చేసేది. అంధుల హాస్టళ్లలో ఉండి చదువుకొని, పరీక్ష రాసి కోరుట్లలో బ్యాంకు ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు జగిత్యాలలో పని చేస్తున్నాను. రాత్రి అన్నం తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చొని ఆడే ఆటను మడ్ అంటారు. మల్టీ యూజర్ డంజన్ అనే మాటకు అది పొట్టి పేరు. తెర మీద బొమ్మ ఒక్కటీ ఉండదు. నువ్వు ఎక్కడ నిలబడ్డావో, చుట్టూ ఏముందో, ఎటు దారులున్నాయో నాలుగు వాక్యాల్లో వస్తుంది. నువ్వు ఏం చేస్తావో ఒక మాటలో టైపు చేయాలి. ఉత్తరానికి పో, తలుపు తెరువు, కత్తి తీయి. అదే చోట అదే సమయంలో ఫిన్లాండ్ నుంచి ఒకరు, బ్రెజిల్ నుంచి ఒకరు మాంత్రికుడిగానో, దొంగగానో, యోధుడిగానో నిలబడి ఉంటారు. వాళ్లు చేసేది నీకు తెలుస్తుంది, నువ్వు చేసేది వాళ్లకు తెలుస్తుంది.

వీడియో గేముల చరిత్ర రాసేవాళ్లు దీన్ని పునాది అని ఒక పేరాలో తేల్చి ముందుకు పోతారు. నాకు ఇది పునాదిగా కాదు, ఇల్లుగా తెలుసు. అందుకే దాని కథ కొంచెం తీరిగ్గా చెప్పాలని ఉంది.

మొదలు ఒక గుహ. అమెరికాలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్‌కు గుహలు పట్టి తిరగడం, వాటి పటాలు గీయడం ఇష్టం. కెంటకీ రాష్ట్రంలోని మామత్ కేవ్‌లో ఆయన తిరిగిన ఒక భాగాన్ని 1975-76 నాటికి కంప్యూటర్‌లో మాటలతో కట్టాడు. భార్యతో విడిపోయిన రోజులవి. దూరమైన కూతుళ్లు వచ్చినప్పుడు ఆడుకోవడానికి చేశానని ఆయనే చెప్పాడు. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. అదే ఏడు ఎంఐటీలో కొందరు జోర్క్ అనే ఆట మొదలుపెట్టారు. ఇవన్నీ ఒంటరి ఆటలు. గుహలో నువ్వు ఒక్కడివే. ఇంకో మనిషి అడుగుల చప్పుడు వినపడదు.

ఆ చప్పుడు 1978లో ఇంగ్లండ్‌లో, కోల్చెస్టర్ దగ్గరి ఎసెక్స్ యూనివర్సిటీలో వినపడింది. రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి డెక్ కంపెనీ పీడీపీ-10 కంప్యూటర్ మీద ఒక లోకం రాశాడు. దాంట్లోకి ఒకేసారి చాలామంది రావచ్చు. చదువు అయిపోయే కాలం వచ్చి 1980లో దాన్ని తన మిత్రుడు రిచర్డ్ బార్టిల్ చేతిలో పెట్టాడు. బార్టిల్ దాన్ని నింపాడు. దొరికిన నిధులు తీసుకుపోయి చిత్తడినేలలో పారేస్తే పాయింట్లు వచ్చేవి. పాయింట్లు పెరిగేకొద్దీ హోదా పెరిగి చివరికి మాంత్రికుడి పదవి. మాంత్రికుడైతే చావు లేదు, లోకాన్ని చూసుకునే బాధ్యత మాత్రం వస్తుంది. 1980లోనే ఎసెక్స్ కంప్యూటర్ అమెరికా నెట్‌వర్క్ ఆర్పానెట్‌తో కలిసింది. బయటివాళ్లను రాత్రి పొద్దుపోయాక, యూనివర్సిటీ పనులు లేని గంటల్లో ఆడుకోనిచ్చేవాళ్లు.

బార్టిల్ గురించి ఒక విషయం నన్ను పట్టుకుంది. ఆయన యార్క్‌షైర్‌లో సర్కారు కట్టించిన ఇళ్ల కాలనీలో పెరిగాడు. తండ్రి గ్యాస్ ఫిట్టర్. తల్లి బడిపిల్లలకు వంట చేసేది. ఇంగ్లండ్‌లో నోరు తెరిచి మాట్లాడితే చాలు, యాసను బట్టి ఎక్కడివాడివో, ఎవరి కొడుకువో లెక్కగట్టి అక్కడే నిలబెట్టేవాళ్లు. అట్లాంటి లెక్కలు పనికిరాని ఒక లోకం కావాలనుకున్నాం, అక్కడ మనిషి తన పనిని బట్టే పైకి వస్తాడు అని ఆయన చాలాసార్లు చెప్పాడు. ఇప్పటి ప్రతి గేములోనూ ఉండే లెవెల్ అనే పద్ధతి ఆయనకు వట్టి లెక్క కాదు. పుట్టుక అడ్డం రాని మెట్లు అవి. సాంచాలు నడిపే మనిషి కొడుకును, బీడీలు చేసే తల్లి కొడుకును నేను. హాస్టల్‌లో, ఆఫీసులో, బస్‌స్టాండ్‌లో నన్ను చూసి మొదటి నిమిషంలోనే లెక్క తేల్చిన మనుషులు ఎంతమందో. ఆటలో ఆ మొదటి నిమిషం లేదు. అక్కడ నా కళ్ల సంగతి నేను చెప్తేనే తెలుస్తుంది. నేను ఏళ్లపాటు చెప్పలేదు.

చాలామంది కలిసి తిరిగే మాటల లోకం అనే ఆ ఊహను ఎవరూ గుప్పిట్లో పెట్టుకోలేదు గనుక తొందరగా పాకింది. 1987లో వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్‌లో అలన్ కాక్స్, ఆయన మిత్రులు అబెర్‌మడ్ చేశారు. అలన్ కాక్స్ తర్వాత లినక్స్ పనిలో పెద్ద పేరయ్యాడు. 1989లో అమెరికాలో జిమ్ ఆస్ప్‌నెస్ టైనీమడ్ చేశాడు. అందులో యుద్ధం లేదు, కూర్చొని ముచ్చట పెట్టడమే. నాకు అంత రుచించదు, కానీ దాన్ని ఇష్టపడేవాళ్లు ప్రాణం పెడతారు. అదే ఏడు స్వీడన్‌లో లార్స్ పెన్షో ఎల్‌పీమడ్ చేశాడు. ఆట నడుస్తుండగానే ఆటగాళ్లు లోపల కొత్త చోట్లు కట్టుకునే వీలు దాంట్లో ఉంది. దాని మొదటి ఆట జెనెసిస్ ఇప్పటికీ నడుస్తున్నది. 1991లో ఆస్ట్రేలియాలో డేవిడ్ బెన్నెట్ టెర్రీ ప్రాచెట్ నవలల లోకాన్ని డిస్క్‌వరల్డ్ పేరుతో కట్టాడు. అదీ నడుస్తున్నది.

కోపెన్‌హాగన్ పిల్లలు చేసింది డికూమడ్. వాళ్ల డిపార్ట్‌మెంట్ పేరులోని మొదటి అక్షరాలే డికూ. హాన్స్ హెన్రిక్ స్టార్‌ఫెల్ట్, కాట్యా న్యూబో, టామ్ మాడ్సెన్, మైఖేల్ సైఫర్ట్, సెబాస్టియన్ హామర్. ఈ ఐదు పేర్లు నాకు నోటికి వచ్చాయి. కారణం ఉంది. 1991లో ప్రోగ్రాంను అందరికీ ఉచితంగా ఇచ్చేటప్పుడు వాళ్లు ముఖ్యంగా రెండు షరతులు పెట్టారు. దీంతో డబ్బు సంపాదించొద్దు, ఆటలోకి వచ్చే గడప దగ్గర మా పేర్లు ఉంచాలి. అందుకే ప్రపంచంలో ఏ మూల డికూ వారసత్వం ఉన్న ఆటలోకి పోయినా ముందు ఆ ఐదుగురి పేర్లు వినాలి. నా కంప్యూటర్ గొంతు వాటిని దేవుడి నామాల్లాగా ఒకటే వేగంతో చదువుతుంది. 1993లో జెరెమీ ఎల్సన్ అమెరికాలో దాన్నే సర్దిచెక్కి సర్కిల్‌మడ్‌గా ఇచ్చినప్పుడూ ఆ పేర్లు పోలేదు. పని చేసినవాళ్ల పేర్లు ఇంత కాలం, ఇంత దూరం, ఇంత గౌరవంగా నడిచిన ఇంకో సాఫ్ట్‌వేర్ నాకు తెలిసి తక్కువ.

డికూలో ఆకలి ఉంది, దాహం ఉంది. రొట్టె కొనుక్కొని సంచిలో వేసుకోకుండా అడవికి పోతే మధ్యలో కడుపు గుర్తు చేస్తుంది. అన్నిటికంటే గొప్ప ఏర్పాటు చావు. చస్తే మళ్లీ గుడి దగ్గర లేస్తావు, కానీ ఒట్టి చేతులతో. కత్తి, కవచం, డబ్బు అన్నీ నువ్వు చచ్చిన చోట శవం దగ్గరే ఉంటాయి. కొంతసేపటికి శవం కుళ్లి మాయమైతే అవీ పోతాయి. ఒట్టి చేతులతో నిన్ను చంపిన రాక్షసుడి గుహకు మళ్లీ పోవడం ఒంటరివల్ల కాదు. ఎవరినో ఒకరిని పిలవాల్సిందే. ఆ పిలుపే స్నేహాలను చేసింది. ఇప్పటి బొమ్మల ఆటల్లో చావు ఒక బటన్ నొక్కితే తీరిపోతుంది. అది సుఖమే, కానీ ఆ సుఖంతో పాటు ఎదుటివాడి అవసరం కూడా పోయింది.

నాకు ఒక మనిషి అట్లానే దొరికాడు. కోరుట్లలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి గుహలో దెబ్బ మీద దెబ్బ పడి చచ్చిపోతూ, అందరికీ వినపడే చానల్లో అలవాటుకొద్దీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే ‘ఓ అవ్వో’ అని కొట్టాను. అరనిమిషం నిశ్శబ్దం. తర్వాత ఒక దొంగ పాత్ర నుంచి జవాబు, అదీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే. ‘నీది ఏ ఊరే?’ ఆయనది మెట్‌పల్లి వైపు ఊరు. షార్జాలో ఒక ఆఫీసు బిల్డింగ్‌లో రాత్రి కాపలా పని. చేతిలో పాత ల్యాప్‌టాప్, బొమ్మలు వచ్చే ఆటలు ఆడేటంత నెట్టు లేదు. ‘శవం కాడికి నువ్వు పోకే, గుడి కాడ్నే ఆగు, నేనస్తున్న’ అన్నాడు. వచ్చాడు. ఇద్దరం కలిసి పోయి నా సామాను తెచ్చుకున్నాం. దారిపొడుగునా కోరుట్ల బస్‌స్టాండ్‌లో చాయ్ గురించే అడిగాడు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఎంతమందో, వాళ్ల రాత్రులు ఎంత పొడుగో ఇక్కడి ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ రాత్రుల్లో ఒక దాన్ని మిడ్‌గార్డ్‌లో గడిపిన మనిషిని నేను ఎరుగుదును.

ఆట నా దాకా వచ్చిన దారి వేరు. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది. బొమ్మలు వచ్చే కనెక్షన్ ఖరీదు. విద్యార్థులకు తక్కువ ధరకు ఇచ్చిన కనెక్షన్‌లో ఒట్టి అక్షరాలే వచ్చేవి. ఆ బీద కనెక్షన్‌తో టెల్నెట్ అనే పద్ధతిలో దూరపు కంప్యూటర్లలోకి పోవచ్చు. మడ్‌లకు కావలసింది అదొక్కటే. హైదరాబాద్‌లో డిగ్రీ చదివేటప్పుడు మా హాస్టల్ సీనియర్ ఒకాయన ఇట్లానే మడ్ సంగతి తెలుసుకున్నాడు. ఆయనకు ఒక కన్ను కొద్దిగా కనపడేది. తెరకు ముక్కు ఆనించి చదివేవాడట. నేను హాస్టల్‌కు వచ్చేసరికి ఆ కొద్ది చూపూ పోయి, స్క్రీన్ రీడర్‌తో ఆడుతున్నాడు.

స్క్రీన్ రీడర్ అంటే తెర మీది అక్షరాలను పైకి చదివే ప్రోగ్రాం. అప్పట్లో అందరి నోటా ఉన్నది జాస్. దాన్ని కొనాలంటే మా నాయిన ఎన్ని నెలలు సాంచాలు నడపాలో లెక్క వేసుకోవడానికి కూడా భయమయ్యేది. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ అనే చూపు లేని యువకుడు ఎన్‌వీడీఏ అనే రీడర్‌ను రాయడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు అంధపిల్లల సంగీత శిబిరంలో పరిచయమైన జేమ్స్ తే వచ్చి కలిశాడు. ఉచితంగా ఇచ్చారు. కర్రన్, తే అనే ఈ ఇద్దరి వల్ల ఉద్యోగాలు తెచ్చుకున్న తెలుగు పిల్లలు నాకు తెలిసినవాళ్లే చాలామంది. నా ఉద్యోగమూ ఆ లెక్కలోదే, నా ఆటా ఆ లెక్కలోదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 1978లో ఎసెక్స్‌లో ఎవరూ గుడ్డివాళ్ల కోసం ఆట కట్టలేదు. అప్పటి యంత్రాలకు బొమ్మలు గీసే శక్తి లేదు. కొన్నింటికి తెరే లేదు, కాగితం మీద టైపు కొట్టేవి. లేమి వల్ల మాటలతో కట్టారు. ఆ లేమి మాకు తలుపైంది. 1990ల చివర శక్తి పెరిగింది. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాయి. ఎవర్‌క్వెస్ట్ ఎంతగా డికూలాగా ఉందంటే, ఆ ప్రోగ్రాంను వాడుకోలేదని వాళ్లు ప్రమాణపత్రం ఇవ్వాల్సి వచ్చింది. మడ్‌లలో పెరిగిన మనుషులే వాటిలో చాలా వాటికి పనిచేశారు. లోకానికి అది ఒక అడుగు ముందుకు. మాకు మాత్రం తలుపు మూసిన చప్పుడు. చూపున్న ఆటగాళ్లు గుంపులుగా అటు పోయారు. సర్వర్లు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీ అయిన లోకాల్లోకి, సరిగ్గా అదే కాలంలో, స్క్రీన్ రీడర్లు పట్టుకొని మేం వచ్చాం. 1995 నుంచి నడుస్తున్న ఆల్టర్ ఏయాన్ అనే మడ్‌లో చూపు లేని ఆటగాళ్లు ఎంతోమంది. నడిపేవాళ్లు వాళ్ల కోసం ఆటనే సవరించారు. ఇవాళ మడ్ బతికి ఉందంటే అందులో మా పాలు ఉన్నది. చరిత్ర రాసేవాళ్లు ఈ పేరా రాయకుండా ఆపేస్తారు, అదే నా బాధ.

ఎట్లా ఆడతారని బ్యాంకులో అడుగుతారు. చెప్తాను. నిక్ గామన్ అనే ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ చేసిన మష్‌క్లయింట్ అనే ప్రోగ్రాంలో ఆట తెరుస్తాను. వచ్చిన ప్రతి వాక్యాన్ని ఎన్‌వీడీఏ చదువుతుంది. యుద్ధంలో సెకనుకు నాలుగైదు వాక్యాలు పడతాయి. నీ దెబ్బ తప్పింది, వాడి దెబ్బ తగిలింది, నీ మిత్రుడు మంత్రం చదువుతున్నాడు, నీ ప్రాణం ఇంత మిగిలింది. మామూలు వేగంతో వింటే శవం అయ్యాక సంగతి తెలుస్తుంది. అందుకని గొంతు వేగం పెంచుకుంటాం. మా ఇంట్లోవాళ్లకు అది తేనెటీగల రొద. మాకు స్పష్టంగా మాటలు. కొన్ని వాక్యాలకు బదులు చప్పుళ్లు పెట్టుకుంటాం. కత్తి తగిలితే ఒక చప్పుడు, తప్పితే ఇంకో చప్పుడు, ప్రాణం తగ్గితే గంట. సాంచాల కార్ఖానాలో నాయిన ఇరవై చప్పుళ్ల నడుమ ఒక సాంచ పోగు తెగిన సంగతి కనిపెట్టేవాడు. నా చెవికి ఆ పని కొత్తదేం కాదు.

కష్టం ఎక్కడంటే, చూపున్నవాళ్లు ముచ్చటపడి గీసే అలంకారాల దగ్గర. గీతలతో, చుక్కలతో పెద్ద చట్రం గీసి దాంట్లో ఊరి పేరు పెడతారు. ఎన్‌వీడీఏ ఆ గీతలన్నీ ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోతుంది. అక్షరాలతో గీసే పటాలు ఇంకా ఘోరం. అందుకని పటం బుర్రలోనే ఉండాలి. గుడి నుంచి రొట్టెల దుకాణం దాకా మొదట్లో చెప్పిన దారి అట్లా పట్టుకున్నదే.

మాటలతో లోకం కట్టడం మా వైపు మనుషులకు వింత కాదు. సిరిసిల్ల పక్కన వేములవాడ, దాని పక్కన హనుమాజీపేట. కవి సినారె పుట్టిన ఊరు. ఒగ్గుకథలో అంతటి పేరున్న మిద్దె రాములుదీ ఆ ఊరే. చిన్నప్పుడు మా వాడలో మల్లన్న కథ చెప్పించినప్పుడు తాత నన్ను డోలు పక్కనే కూర్చోబెట్టేవాడు. కథకుడు ఒక నిమిషం మల్లన్న, మరు నిమిషం బలిజ మేడలమ్మ. వంత పాడేవాడు ఉన్నట్టుండి గొల్ల కేతమ్మ అయిపోతాడు. కొమురెల్లి గుట్ట ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో, దారిలో ఏ వాగు అడ్డం వచ్చిందో అన్నీ మాటల్లోనే. చుట్టూ కూర్చున్నవాళ్లలో నాకొక్కడికే చూపు లేదు, అయినా కథ నాకు ఒక్క అణా కూడా తక్కువ రాలేదు. తెల్లవారేదాకా వినేవాణ్ని. ఎసెక్స్ సంగతి తెలియకముందే నాకు ఆ ఆట వచ్చునని నేను నమ్ముతాను.

అయితే ఒగ్గుకథ తెలుగులో వచ్చింది, మడ్ ఇంగ్లిష్‌లో వచ్చింది. నా ఇంగ్లిష్ సగం అక్కడ నేర్చిందే. కందకం, బురుజు, ఇనుపజాలరి తలుపు లాంటి మాటలకు ఇంగ్లిష్ నాకు ముందు వచ్చి, తెలుగు తర్వాత వచ్చింది. షార్జా అన్న, నేను తెలుగులో మాట్లాడుకోవాలంటే ఇంగ్లిష్ అక్షరాలే గతి. ఎందుకో ఒక రోజు సర్కిల్‌మడ్ ప్రోగ్రాం తెరిచి వినుకుంటూ పోతే తెలిసింది. ఆటగాడు కొట్టే ప్రతి అక్షరాన్ని లోపలికి పోనిచ్చే ముందు ప్రోగ్రాం ఒక తనిఖీ చేస్తుంది. ఆస్కీ అనే 128 గుర్తుల పట్టికలో ఉన్నదా, అచ్చుకు వచ్చే గుర్తేనా అని. కాకపోతే పక్కన పారేస్తుంది. తెలుగు అక్షరాలకు యూనికోడ్ పట్టికలో చోటు దొరికింది 1991లో, డికూ బయటికి వచ్చిన ఏడే. ఆ పట్టికలో మన ‘అ’ సంఖ్య 3077. నూట ఇరవై ఎనిమిది దగ్గర ఉన్న గడప దాటి ఆ అక్షరం లోపలికి రావడానికి లేదు. ఆ ఐదుగురిలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. వాళ్ల డేనిష్ భాషలో ఉన్న ప్రత్యేక అక్షరాలు కూడా ఆ తనిఖీలో పోతాయి. తమ భాషనే బయట ఉంచి కట్టిన ఊరు అది. కొత్త సర్వర్లు కొన్ని ఇప్పుడు యూనికోడ్‌ను రానిస్తున్నాయి. తెలుగు చదివే కంప్యూటర్ గొంతులు కూడా మునుపటికంటే మెరుగయ్యాయి. అంటే తెలుగులో ఒక మడ్ కట్టడానికి ఇవాళ యంత్రం వైపునుంచి అడ్డం లేదు. కూర్చొని రాసేవాళ్లు కావాలి.

లోకాలు పోతాయి కూడా. బార్టిల్ ఆట 1987 నుంచి అమెరికాలో కంప్యూసర్వ్ కంపెనీ దగ్గర బ్రిటిష్ లెజెండ్స్ పేరుతో నడిచింది. పాత యంత్రాలతో పాటు 1999లో దాన్నీ ఆపేశారు. పన్నెండేళ్లు జనం తిరిగిన బాటలు ఒక్క రోజులో లేకుండా పోయాయి. అప్పుడు విక్టర్ టోత్ అనే ప్రోగ్రామర్ మొత్తాన్ని కొత్త భాషలోకి తిరగరాసి 2000లో మళ్లీ నిలబెట్టాడు. 1978లో మొదలైన లోకంలోకి ఇవాళ ఇక్కణ్నుంచి పోవచ్చంటే ఆయన పుణ్యం. నేను పోయాను. చిత్తడినేల దాకా తడుముకుంటూ పోయి, దొరికిన ఒక నిధిని దాంట్లో పారేసి వచ్చాను. అక్కడ ఆ రోజు ఇంకెవరూ లేరు.

నేను ఒక సర్వర్లో ఇప్పుడు కట్టేవాణ్ని. ఆటలోనే ఉండి గది తర్వాత గది రాయొచ్చు. గదికి పేరు, నాలుగు వాక్యాల వర్ణన, దారులు. జగిత్యాల కోటను కడుతున్నాను. పద్దెనిమిదో శతాబ్దం నడుమ, ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో, నక్షత్రం ఆకారంలో కట్టిన కోట, చుట్టూ కందకం. మడ్‌లలో కోటలకు కొదవ లేదు, కానీ రాసినవాళ్లు దాదాపు అందరూ చూపున్నవాళ్లు. ఎర్రటి జెండా, బూడిద రంగు గోడ, మసక వెలుతురు అని రాస్తారు. మాటలతో కట్టిన లోకంలో కూడా కళ్లకే పెద్దపీట. నా గదుల్లో రంగులు లేవు. గోడ పొద్దటి పూట చల్లగా, సాయంత్రం వేడిగా ఉంటుంది. ద్వారం కింద నడిస్తే అడుగుల చప్పుడు నెత్తి మీదినుంచి తిరిగి వస్తుంది, బయటికి రాగానే ఆగిపోతుంది. నక్షత్రం మొన దగ్గరికి పోయేకొద్దీ రెండు గోడలు దగ్గరవుతాయి, గాలి గట్టిగా తగులుతుంది. ఒక ఆటగాడు, చూపున్నవాడు, అమెరికా నుంచి ఉత్తరం రాశాడు. ఈ కోటలో మొట్టమొదటిసారి దారి తప్పకుండా తిరిగాను, ఎందుకో అర్థం కాలేదు అని.

కొలతల కోసం మేనల్లుడు నన్ను కోటకు తీసుకుపోతుంటాడు. వాడు సిరిసిల్లలో డిగ్రీ చదువుతున్నాడు, ఫోన్‌లో తుపాకుల ఆట ఆడతాడు. ‘మామా, ఇక్కడ ఏముందో చెప్పాల్నా?’ అంటే వద్దంటాను. రాయి తడిమి, చప్పట్లు కొట్టి, అడుగులు లెక్కపెట్టి నేనే రాసుకుంటాను. వాడు ఫోన్‌లో నా మాటలు రికార్డు చేస్తాడు. పోయిన నెల వాడే ఒక గదికి వర్ణన రాసి పంపాడు, తెలుగులో. బాగుంది. ఇంగ్లిష్ చేయమని అడిగితే ‘నువ్వే చెయ్యి మామా, నాకు ఇట్లనే వచ్చింది’ అన్నాడు. ఆ వర్ణనను అట్లాగే తెలుగులో లోపలికి పంపేట్టు గడప దగ్గరి తనిఖీ మార్చాలని సర్వర్ నడిపేవాళ్లకు రాశాను. ఒప్పుకున్నారు, పరీక్షించడానికి వేరే ఒక నకలు కూడా పెట్టారు. అందులో ఒత్తులు, గుడులు విడిపోయి వస్తున్నాయని మేనల్లుడు అంటున్నాడు. ఎన్‌వీడీఏ మాత్రం వాటిని సరిగ్గానే చదువుతున్నది. అంటే అక్షరాలు లోపలికి పోతున్నాయి, తెర మీద చూపించే దగ్గరే ఏదో తేడా. వచ్చే ఆదివారం వాడు జగిత్యాల వస్తానన్నాడు. పొద్దున కోటలో బురుజు మెట్లు ఎటు తిరుగుతాయో చూసుకోవాలి, సాయంత్రం ఇద్దరం కూర్చొని ఈ ఒత్తుల సంగతి చూడాలి.